డిష్‌వాషర్ అడుగున నీళ్ళు, గ్లాసుల మీద తెల్ల పొర: బోర్డు మార్చే ముందు ఇవి చూడండి

అక్కా, మీరు అడిగింది నాకు అర్థమైనంతవరకు ఇదీ. మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లా గడ్చాందూర్‌లో సొంత ఇల్లు, బోరు నీళ్ళు, డాబా మీద ట్యాంకు. డిష్‌వాషర్ కొని రెండేళ్ళు. కడగడం అయిపోయాక అడుగున నీళ్ళు నిలుస్తున్నాయి, డిస్‌ప్లేలో ఇ24 అని పడుతోంది. గాజు గ్లాసులు, స్టీలు ప్లేట్లు తెల్లగా పొర కడుతున్నాయి. ఒక్కోసారి డిటర్జెంట్ బిళ్ళ సగం కరక్కుండానే మిగిలిపోతోంది. చూడ్డానికి వచ్చిన మెకానిక్ పంపు, మెషీన్‌ను నడిపే ఎలక్ట్రానిక్ బోర్డు రెండూ మార్చాలి, 14,000 అవుతుంది అన్నాడు.

ఆ డబ్బు ఇప్పుడే ఇవ్వకండి. చంద్రపూర్, రాజురా, కోర్పనా వైపు ఈ మెషీన్లు బాగుచేయడమే నా పని. మీరు రాసిన లక్షణాల్లో బోర్డు పోయిందని చెప్పేది ఒక్కటీ లేదు. పంపు సంగతి పది నిమిషాల్లో మీరే తేల్చుకోవచ్చు. పైగా మీకున్నది ఒక సమస్య కాదు, రెండు. నీళ్ళు బయటికి పోకపోవడం ఒకటి, తెల్ల పొర ఇంకొకటి. రెండింటినీ కలిపి చూస్తే ఎవరికైనా మెషీన్ మొత్తం పాడైపోయినట్టే అనిపిస్తుంది.

ముందు లోపల ఏం జరుగుతుందో తెలుసుకుంటే సగం టెన్షన్ పోతుంది. మెషీన్ ఒక్కో విడతకు మూడు నాలుగు లీటర్ల నీళ్ళు మాత్రమే తీసుకుంటుంది. ఆ నీళ్ళనే వేడిచేసి, కింద పైన తిరిగే స్ప్రే ఆర్ముల్లోంచి మళ్ళీ మళ్ళీ గిన్నెల మీద చిమ్ముతుంది. తర్వాత ఆ మురికి నీళ్ళను బయటికి తోసేసి కొత్త నీళ్ళు తీసుకుంటుంది. చిమ్మే పంపు వేరు, బయటికి తోసే డ్రెయిన్ పంపు వేరు. మీ గిన్నెలు కొంతైనా శుభ్రమవుతున్నాయంటే చిమ్మే పంపు పనిచేస్తున్నట్టే. ఇ24 డ్రెయిన్‌కు సంబంధించిన కోడ్. బాష్, సీమెన్స్ మెషీన్లలో దాని అర్థం నీళ్ళు సరిగ్గా బయటికి పోవడం లేదని. అదే ఫిర్యాదును ఎల్‌జీ మెషీన్ ఓఈ అని చూపిస్తుంది. నీళ్ళు ఎందుకు పోవడం లేదో మాత్రం ఏ కోడూ చెప్పదు, అది మనమే వెతకాలి.

ఇలా చేయండి. సింకు కింద డ్రెయిన్ పైపు ఎక్కడ కలిపారో చూసి, అక్కడ ఊడదీసి దాని కొస బకెట్లో పెట్టండి. బకెట్ నేల మీదే ఉంచి, పైపు మధ్య భాగాన్ని మాత్రం కొంచెం ఎత్తులో పట్టుకోండి. ఇప్పుడు ప్రోగ్రాం రద్దు చేయండి. చాలా మోడళ్ళలో స్టార్ట్ బటన్‌ను మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే రద్దయి, డ్రెయిన్ పంపు తిరుగుతుంది. బకెట్లోకి నీళ్ళు జోరుగా వస్తే పంపు బాగున్నట్టే, అడ్డం మీ సింకు పైపులోనే ఉంది. పంపు బుయ్యిమని మూలుగుతూ నీళ్ళు రాకపోతే దాని రెక్కలో ఏదో ఇరుక్కుంది. అసలు చప్పుడే లేకపోతే అప్పుడు పంపును, వైరును, చివరికి బోర్డును అనుమానించాలి. వచ్చిన మెకానిక్ ఈ పరీక్ష చేశాడా లేదా గుర్తుచేసుకోండి. చేయకుండానే బోర్డు అన్నాడంటే అది ఊహే.

ఇరుక్కుందని తేలితే స్విచ్ ఆపి, ప్లగ్ పీకేయండి. కింది ర్యాక్ తీసేసి, ఫిల్టర్ తిప్పి పైకి లాగండి. గుంటలో నిలిచిన నీళ్ళను స్పంజితో తోడేయండి. ఆ గుంటలో ఒక పక్కన చిన్న ప్లాస్టిక్ మూత ఉంటుంది, చాలా మోడళ్ళలో తెల్లది. చెంచా కాడతో దాన్ని పైకి లేపితే ఊడొస్తుంది. దాని వెనకే డ్రెయిన్ పంపు రెక్క. చేతికి మందపాటి గ్లవ్ వేసుకోండి. ఎక్కువగా అక్కడ దొరికేది గాజు పెంకే, నీళ్ళలో అది కంటికి కనపడదు. ఇక మన ఇళ్ళలో దొరికే మిగతా సరుకంతా వంటింటిదే: చింతగింజ, నిమ్మగింజ, కరివేపాకు ఈనె, ఎండుమిర్చి తొడిమ, టూత్‌పిక్ ముక్క, సీసా మీద నుంచి ఊడిన లేబుల్ కాగితం. వేలితో రెక్కను తిప్పి చూడండి. అది సాఫీగా తిరగదు, టక్ టక్‌మని ఆగి ఆగి తిరుగుతుంది. లోపల అయస్కాంతం ఉంటుంది కాబట్టి అలా తిరగడమే సరి. బిగిసిపోయిందని భయపడి పంపు మార్పించేవాళ్ళున్నారు, ఆ ఖర్చు మీరు పెట్టకండి. అసలు కదలకపోతేనో, రెక్క విరిగి ఉంటేనో, ఇరుసు వదులై ఊగుతుంటేనో మార్చాలి. మూత తిరిగి పెట్టేటప్పుడు క్లిక్‌మని కూర్చోవాలి. సరిగ్గా కూర్చోకపోతే నీళ్ళు మళ్ళీ నిలుస్తాయి.

ఒక్క విషయం. ఫిల్టర్ కింద గుంటలో గ్లాసెడు నీళ్ళు ఎప్పుడూ ఉంటాయి, ఉండాలి కూడా. ఆ తడి లేకపోతే పంపు సీలు ఎండిపోతుంది. ఫిల్టర్ దాటి టబ్ అడుగంతా నీళ్ళు పరచుకుంటేనే డ్రెయిన్ సమస్య అనుకోండి.

నిలిచిన నీళ్ళను పారబోసే ముందు వాటి రంగు చూడండి. తేటగా ఉండి మెషీన్ డిటర్జెంట్ వాసన వస్తుంటే అవి మెషీన్ నీళ్ళే. కడగడం అయిపోయిన చాలాసేపటికి అందులో కొత్తగా పప్పు మెతుకులు, చేత్తో తోమిన సబ్బు నురగ కనపడితే మాత్రం అవి సింకు నుంచి వెనక్కి వచ్చినవి. మన వైపు వంటిళ్ళలో ఇది చాలా ఎక్కువ. ప్లంబర్ డ్రెయిన్ పైపును నేల మీదుగా లాక్కెళ్ళి సింకు గొట్టంలో తోసేస్తాడు. ఆ పైపు ముందు పైకి లేచి, సింకు అడుగు దాకా ఎత్తుకు వెళ్ళి, అక్కడి నుంచి కిందికి వంగి కలవాలి. సింకు కింద గోడకు క్లిప్ వేసి పైపును ఎత్తి కట్టేస్తే చాలు. పైపు కొస మురుగు నీళ్ళలో మునిగి ఉండకూడదు. మునిగి, పైగా కిందికే ఉంటే మెషీన్ తీసుకున్న నీళ్ళు తీసుకున్నట్టే జారిపోతాయి. అప్పుడు ఎంతసేపు తిరిగినా నీళ్ళు చాలక గిన్నెలు జిడ్డుగా వస్తాయి.

ఇక తెల్ల పొర. నా దృష్టిలో మీ అసలు సమస్య ఇదే. డ్రెయిన్ ఇవాళ బాగవుతుంది, దీన్ని పట్టించుకోకపోతే మెషీన్ ఆయుష్షే తగ్గిపోతుంది.

ఒక గ్లాసు మీద వెనిగర్ గానీ నిమ్మరసం గానీ రాసి, రెండు నిమిషాలాగి తుడవండి. పొర పోతే అది నీళ్ళలోని సున్నం. పోకపోతే గాజే అరిగింది, అది ఇక బాగుపడదు. అరగడం సున్నం బాగా తక్కువున్న మెత్తని నీళ్ళకు ఎక్కువ డిటర్జెంట్, ఎక్కువ వేడి తోడైతే వస్తుంది. బోరు నీళ్ళున్న మీ ఇంట్లో అది అయ్యే అవకాశం తక్కువ. గడ్చాందూర్, ఆవార్‌పూర్ చుట్టూ అన్ని సిమెంటు ఫ్యాక్టరీలు ఎందుకున్నాయి? అడుగున సున్నపురాయి ఉంది కాబట్టి. మీ బోరు ఆ రాతిలోంచే నీళ్ళు తోడుతుంది. నీళ్ళు కాచే బిందె అడుగున పేరుకున్నట్టే హీటరు మీదా, స్ప్రే ఆర్మ్ రంధ్రాల్లోనూ సున్నం పేరుకుంటుంది.

నీళ్ళ కాఠిన్యం, అంటే వాటిలో సున్నం ఎంతుందో కొలవకుండా మెషీన్‌లో ఏ సెట్టింగూ పెట్టకండి. టీడీఎస్ మీటర్ దీనికి పనికిరాదు. అది నీళ్ళలో కరిగిన అన్ని లవణాలనూ కలిపి చూపిస్తుంది, సున్నం ఎంతో విడిగా చెప్పదు. హార్డ్‌నెస్ స్ట్రిప్పులు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి, అక్వేరియం షాపుల్లో చుక్కలు వేసి చూసే కిట్ ఉంటుంది. తాగే నీళ్ళకు మన దేశ ప్రమాణం ఐఎస్ 10500 లీటరుకు 200 మిల్లీగ్రాముల కాఠిన్యం వరకు మంచిది అంటుంది, వేరే నీళ్ళు దొరకని చోట 600 వరకు ఒప్పుకుంటుంది. అంటే తాగడానికి చెల్లిన నీళ్ళు కూడా డిష్‌వాషర్‌కు చాలా బరువే.

మెషీన్లు జర్మన్ డిగ్రీల్లో లెక్క చూస్తాయి. మీకొచ్చిన అంకెను 17.8తో భాగించండి, అదే డిగ్రీ. బాష్ తరహా మెషీన్లలో నీళ్ళను మెత్తబరిచే సాఫ్ట్‌నర్‌కు హెచ్00 నుంచి హెచ్07 దాకా మెట్లుంటాయి. ఫ్యాక్టరీ నుంచి హెచ్04 మీద వస్తాయి. ఆ మెట్టు 13 నుంచి 16 డిగ్రీలకు, అంటే సుమారు 230 నుంచి 285 మిల్లీగ్రాములకు. మీ బోరులో 500 ఉందనుకుందాం, 28 డిగ్రీలవుతుంది, హెచ్06 పెట్టాలి. 600 అయితే దాదాపు 34 డిగ్రీలు, హెచ్07 పెట్టాలి. ఇన్‌స్టాల్ చేసినవాళ్ళు దీన్ని ముట్టుకోకుండా వెళ్ళిపోవడం మామూలే, మీ ఇంట్లో రెండేళ్ళుగా హెచ్04 మీదే నడుస్తూ ఉండవచ్చు. మాన్యువల్‌లో నీటి కాఠిన్యం పేజీ తీసి ఏ బటన్లు నొక్కాలో చూసి మార్చండి. మెట్టు పెంచితే ఉప్పు ఎక్కువ ఖర్చవుతుంది, అది తప్పదు.

ఉప్పు గురించి వివరంగా చెప్తాను, ఎందుకంటే ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఆ సాఫ్ట్‌నర్ లోపల రెజిన్ గుళికలుంటాయి. అవి నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం పట్టేసుకుంటాయి. అవి నిండిపోయాక ఉప్పునీళ్ళతో కడిగితే మళ్ళీ పట్టుకునే శక్తి వస్తుంది. ఉప్పు లేకపోతే సాఫ్ట్‌నర్ ఉన్నా లేనట్టే. వంటకు వాడే అయోడిన్ ఉప్పు వేయకండి. అది సన్నగా ఉండి ముద్ద కడుతుంది, గడ్డ కట్టకుండా కలిపే పదార్థాలు రెజిన్‌ను పాడుచేస్తాయి. కల్లుప్పులో మట్టి, కరగని నలక ఉంటాయి, అదీ వద్దు. డిష్‌వాషర్ సాల్ట్ అని అమ్మే పెద్ద పలుకులదే వేయండి. మొట్టమొదటిసారి మాత్రం ఉప్పు పోసే గదిలో ముందు సుమారు లీటరు నీళ్ళు పోసి తర్వాత ఉప్పు వేయాలి, ఆ తర్వాత నీళ్ళు పోసే పని లేదు. ఉప్పు వేస్తుంటే ఉప్పునీళ్ళు పొంగి టబ్ మీద పడతాయి. వాటిని అలాగే వదిలేస్తే స్టీలుకు తుప్పు పడుతుంది. అందుకే ఎప్పుడైనా కడగబోయే ముందే ఉప్పు వేసి, వెంటనే ప్రోగ్రాం నడపండి. మూత బిగుతుగా పెట్టారో లేదో రెండుసార్లు చూడండి. మూత వదులైతే ఉప్పు గిన్నెల మీదికి వస్తుంది, అప్పుడు కూడా తెల్ల పొరే కనిపిస్తుంది. నాలుకకు ఉప్పగా తగిలితే అదేనని తెలుస్తుంది.

మీ బిళ్ళ ప్యాకెట్ మీద ఆల్ ఇన్ వన్ అని ఉండవచ్చు, అందులోనే ఉప్పు ఉందని షాపులో చెప్పి ఉంటారు. అలాంటి బిళ్ళలు దాదాపు 21 డిగ్రీల దాకానే, అంటే 375 మిల్లీగ్రాముల దాకానే సరిపోతాయి. అంతకు మించిన నీళ్ళకు ఉప్పు విడిగా పోయాల్సిందే. రిన్స్ ఎయిడ్ కూడా విడిగా పోయండి. చివరి కడుగులో అది నీళ్ళను చుక్కలుగా నిలవనివ్వకుండా పలచని పొరలా జార్చేస్తుంది. చుక్క ఎండితేనే మచ్చ మిగులుతుంది కదా.

తెల్ల పొరకు విరుగుడుగా కొందరు ఆర్వో మెషీన్ నుంచి వచ్చే వేస్ట్ నీళ్ళు పట్టి డిష్‌వాషర్‌కు ఇస్తున్నారు, నీళ్ళు ఆదా అవుతాయని. దయచేసి అలా చేయకండి. ఆర్వో వదిలేసిన ఆ నీళ్ళలో సున్నం బోరు నీళ్ళకన్నా ఎక్కువే ఉంటుంది. ఆ నీళ్ళతో గచ్చు కడుక్కోండి.

ఇప్పటికే పేరుకున్న సున్నాన్ని తీయడానికి ఖాళీ మెషీన్‌లో, డిటర్జెంట్ లేకుండా, సిట్రిక్ యాసిడ్ పొడి వేసి అన్నిటికన్నా వేడి ప్రోగ్రాం నడపండి. కిరాణా షాపుల్లో నిమ్మఉప్పు అని అడిగితే ఇస్తారు. సుమారు వంద గ్రాములు కింది టబ్‌లో చల్లితే చాలు, ఉప్పు గదిలో మాత్రం వేయకండి. బ్లీచింగ్ పౌడర్ గానీ, బ్లీచ్ ఉన్న ఏ క్లీనర్ గానీ దీంతో కలవకూడదు, విషవాయువు పుడుతుంది. వెనిగర్ ఒకసారికి పర్వాలేదు, తరచూ పోస్తే రబ్బరు సీళ్ళు చెడిపోతాయి.

బిళ్ళ కరక్కపోవడానికి రెండు మూడు దారులున్నాయి. అన్నిటికన్నా మామూలుది, బిళ్ళ పెట్టే డబ్బీ మూత తెరుచుకోకుండా ఎదురుగా ప్లేటో మూకుడో నిలబెట్టడం. రెండోది, పైన పెట్టిన పొడుగు గరిటె కాడ కిందికి జారి స్ప్రే ఆర్మ్‌ను ఆపేయడం. ర్యాకులు నింపాక చేత్తో రెండు ఆర్ములనూ తిప్పి చూడటం అలవాటు చేసుకోండి. నడుస్తుండగా తిరుగుతోందో లేదో తెలియాలంటే, కింది ఆర్మ్‌ను తలుపు వైపుకు చూసేలా పెట్టి ప్రోగ్రాం మొదలుపెట్టి, పది నిమిషాలకు నెమ్మదిగా తలుపు తీసి చూడండి. అదే దిక్కుకు ఉంటే తిరగనట్టే. ఆర్మ్‌ను ఊడదీసి నీళ్ళలో ఊపితే గలగలమంటుంది, లోపల ఆవాలు, జీలకర్ర ఉంటాయి. రంధ్రాలను టూత్‌పిక్‌తో శుభ్రం చేయండి, గుండుసూది పెట్టి రంధ్రం పెద్దది చేయకండి. ఇక అరగంట ప్రోగ్రాముల్లో బిళ్ళ పూర్తిగా కరగదు. వాటికి పొడి వాడండి.

మూడో దారి నీళ్ళ ఒత్తిడి. మీది డాబా మీద ట్యాంకు అన్నారు. చాలా మెషీన్లకు కనీసం 0.5 బార్ ఒత్తిడి కావాలి. అంటే ట్యాంకులో నీటి మట్టం మెషీన్ కన్నా ఐదు మీటర్లు ఎత్తులో ఉండాలి. ఒకే అంతస్తు ఇంటికి డాబా మీద పెట్టిన ట్యాంకు మూడు మూడున్నర మీటర్లే అవుతుంది. మెషీన్‌కు వెళ్ళే కుళాయి కింద బకెట్ పెట్టి నిమిషం చూడండి, పది లీటర్లు రావాలి. రాకపోతే ముందు ఇన్‌లెట్ పైపు కుళాయికి బిగించే చోట ఉండే చిన్న జల్లెడ ఊడదీయండి. వానాకాలంలో బోరు మట్టి, ట్యాంకు నాచు అక్కడే పేరుకుంటాయి. అది శుభ్రం చేశాక కూడా రాకపోతే చిన్న బూస్టర్ పంపు పెట్టించుకోండి. ఎండాకాలం మన చంద్రపూర్ జిల్లాలో మధ్యాహ్నం ట్యాంకు నీళ్ళు కాగి వస్తాయి కదా, వాటివల్ల మెషీన్‌కేమీ కాదు. 60 డిగ్రీల వేడి నీళ్ళదాకా తీసుకునేలా చాలా మెషీన్లు తయారవుతాయి.

నీళ్ళు వస్తున్నా గిన్నెలు జిడ్డుగానే ఉంటే వేడి సంగతి చూడాలి. ఇంటెన్సివ్ ప్రోగ్రాం నడుస్తుండగా అరగంట దాటాక తలుపు కొంచెం తీయండి, ఆవిరి మొహానికి కొట్టకుండా పక్కన నిలబడండి. లోపలి స్టీలు గిన్నె పట్టుకోలేనంత వేడిగా ఉండాలి. గోరువెచ్చగా ఉంటే తప్పు హీటర్‌ది గానీ, దానికి కరెంటు ఇచ్చే స్విచ్ లాంటి రిలేది గానీ, లేదా మీ వోల్టేజ్‌ది గానీ. వోల్టేజ్ 230 నుంచి 180కి పడితే హీటర్ శక్తి దాదాపు 60 శాతానికి దిగిపోతుంది. మెషీన్‌లో ఏ లోపం లేకపోయినా ప్రోగ్రాం గంటలు గంటలు సాగుతుంది. డిష్‌వాషర్‌ను ఎర్తింగ్ ఉన్న 16 ఆంపియర్ల సాకెట్‌కే, ఎక్స్‌టెన్షన్ బాక్సు లేకుండా పెట్టండి. తలుపు ముట్టుకుంటే జిల్లుమంటే వెంటనే ఆపి ఎర్తింగ్ చూపించండి, అది వాయిదా వేసే పని కాదు.

మన వంటకు సంబంధించి ఒక్క మాట. గిన్నెలు కడిగి లోపల పెట్టక్కర్లేదు. మెతుకులు, ఎముకలు, చారులో కరివేపాకు చెత్తబుట్టలోకి గీకేసి పెడితే చాలు. మాడిన పాల గిన్నె ముందుగా నానబెట్టండి. అల్యూమినియం నల్లబడుతుంది, ఇత్తడి, ఇనుప పెనం, చెక్క గరిటెలు పెట్టకండి. ఫిల్టర్‌ను వారానికోసారి కుళాయి కింద పాత బ్రష్‌తో తోమండి. అలాగే తలుపు అడుగు అంచున చేయిపెట్టి తుడవండి. నీళ్ళు చేరని ఆ చోట జిడ్డు పేరుకునే దుర్వాసన వస్తుంది, మీరు పంపిన ఫోటోలో కూడా అక్కడ నల్లని గీత కనిపిస్తోంది.

ఇవన్నీ చేసినా నీళ్ళు మెషీన్ కిందికి కారుతుంటే, లేదా ఇ15 అని పడితే అడుగు ట్రేలో నీళ్ళు చేరాయని అర్థం. చేత్తో తోమే డిష్‌వాష్ లిక్విడ్ చుక్క పడినా నురగ పొంగి ఆ ట్రేలోకి దిగుతుంది, అది మొదట గుర్తుచేసుకోండి. మెషీన్‌ను వంచి నీళ్ళు పారబోస్తే కోడ్ పోతుంది కానీ కారణం పోదు. అక్కడే ఎలుక కొరికిన డ్రెయిన్ పైపు కూడా దొరుకుతుంటుంది. ఆ పని మాత్రం మెకానిక్‌కే ఇవ్వండి.

ముందు బకెట్ పరీక్ష చేసి ఏం జరిగిందో రాయండి: నీళ్ళు వచ్చాయా, మూలుగు వచ్చిందా, చప్పుడే లేదా. దాంతోపాటు కాఠిన్యం అంకె, ఇప్పుడున్న హెచ్ మెట్టు, ఉప్పు లైటు వెలుగుతోందా లేదా, తలుపు పక్క అంచున స్టిక్కర్ మీద ఉన్న మోడల్ నంబర్ పంపండి. పంపు నిజంగా పోయి ఉంటే ఆ నంబర్‌కు సరిపోయే డ్రెయిన్ పంపు ఒక్కటే తెప్పించుకుని వేయించుకోవచ్చు, బోర్డు జోలికి పోకుండానే.